కారుణ్య మరణం: తెలుగు నేల మీద చట్టబద్ధత చర్చ

నయం కాని జబ్బుతో చావుకు దగ్గరైన రోగి బాధను ముగించే ఉద్దేశంతో అతని మరణాన్ని కలిగించడాన్ని, లేదా రాబోయే మరణాన్ని ఆపి ఉంచుతున్న చికిత్సను నిలిపివేయడాన్ని కారుణ్య మరణం అంటారు. ఇంజక్షన్ వంటి దానితో ప్రాణం తీస్తే అది క్రియాశీల కారుణ్య మరణం. వెంటిలేటర్, డయాలిసిస్, రక్తపోటును నిలబెట్టే మందులు తీసేసి, లేదా అసలు మొదలుపెట్టకుండా, జబ్బును దాని దారికి వదిలేస్తే అది నిష్క్రియ కారుణ్య మరణం. రోగి తన చేత్తో తాను మింగేందుకు డాక్టరు మందు రాసివ్వడం మూడో పద్ధతి. భారతదేశంలో మొదటిదీ మూడోదీ నేరాలే. రెండోదాన్ని 2011లో సుప్రీంకోర్టు షరతులతో ఒప్పుకుంది, 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కులో భాగంగా స్థిరపరిచింది.

ఈ చర్చలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. దేశంలో మొదటగా అందరి నోళ్లలో నానిన కేసుల్లో ఒకటి హైదరాబాదుది. దీని మీద రెండు ప్రధాన నివేదికలు ఇచ్చినప్పుడు లా కమిషన్‌కు తెలుగు న్యాయమూర్తులే అధ్యక్షులు. అయితే కోర్టుల్లో నడిచిన వాదానికీ, కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, అంటే ఆదోని, ఎమ్మిగనూరు, నందవరం వైపు ఇళ్లలో జరిగేదానికీ మధ్య దూరం చాలా ఉంది. చికిత్స ఆపేయడం అక్కడ కొత్తగా వచ్చిన హక్కేమీ కాదు. డబ్బు అయిపోయిన రోజు ఆ పని ఎప్పటి నుంచో జరుగుతూనే ఉంది.

పాత ఆనవాళ్లు

తనంత తాను మరణాన్ని ఎదుర్కోవడానికి ఈ ప్రాంతంలో చాలా పాత ఉదాహరణలు ఉన్నాయి. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి దానవులపాడులో బయటపడిన జైన శిలలు, సన్యసన వ్రతం పట్టి, అంటే ఆహారం మానేసి, ప్రాణం విడిచినవారి జ్ఞాపకంగా నిలిపిన నిషిధి రాళ్లు. వారిలో రాష్ట్రకూటుల దండనాయకుడు శ్రీవిజయుడు ఒకడు. శ్రీశైలంలో కొండవీటి రాజు అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపంలో భక్తులు శివుడికి తమ శిరస్సులనే అర్పించుకునేవారు. నందవరానికి దాపున, తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయంలో 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేశారని మాధ్వుల విశ్వాసం. భాగవతంలో పరీక్షిత్తు గంగ ఒడ్డున ప్రాయోపవేశం చేస్తాడు, భారతంలో భీష్ముడు ఉత్తరాయణం వచ్చేదాకా అంపశయ్య మీద ఆగుతాడు.

కారుణ్య మరణాన్ని సమర్థించేవారు ఈ కథలను తరచూ ముందుకు తెస్తారు. కానీ వీటిలో జబ్బూ లేదు, డాక్టరూ లేడు. వ్రతం పట్టినవాడు తన శరీరాన్ని తానే అదుపులో పెట్టుకున్నవాడు, మరొకరి చేతిలో ఉన్నవాడు కాడు. జైనుల సల్లేఖన అనే ఈ నిరాహార వ్రతం మీద మాత్రం కోర్టులో సూటిగా వాదన జరిగింది. అది ఆత్మహత్యాయత్నమేనని రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టు 10న తీర్పు చెప్పగా, అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

309వ సెక్షను దారిలో

భారతదేశంలో కారుణ్య మరణం చర్చ ఆత్మహత్యాయత్నం కేసుల వెంట వచ్చింది. అప్పటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రకారం చావబోయి బతికినవాడు శిక్షార్హుడు. జీవించే హక్కునిచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణంలో జీవించకుండా ఉండే హక్కు కూడా ఉందని బొంబాయి హైకోర్టు 1986లో మారుతి శ్రీపతి దుబాల్ కేసులో తేల్చింది. రెండేళ్లు తిరగకుండానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెన్నా జగదీశ్వర్ కేసులో సరిగ్గా దీనికి ఎదురు తీర్పునిచ్చింది. డివిజన్ బెంచి తరఫున జస్టిస్ అమరేశ్వరి రాసిన ఆ తీర్పు, 309వ సెక్షను రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. చావడం ఒక హక్కు అయితే దాన్ని అడ్డుకునేవాళ్లు, ఆసుపత్రిలో చేర్చి బతికించేవాళ్లు నేరం చేసినట్టు అవుతుందన్న చిక్కు చనిపోయే హక్కు ఉందన్న వాదంలోనే ఉంది. తర్వాతి తీర్పులు కూడా ఆ చిక్కు చుట్టూనే తిరిగాయి.

1994లో సుప్రీంకోర్టు తేల్చిన పి. రతినం కేసులో రెండో పిటిషనరు నాగభూషణ్ పట్నాయక్. శ్రీకాకుళం ఉద్యమం నాటి నక్సలైటు నాయకుడిగా ఆంధ్రలో ఆయన పేరు తెలియనివారు తక్కువ. ఒడిశాలోని కోరాపుట్‌లో తన మీద పెట్టిన 309 కేసును కొట్టేయాలని ఆయన కోరారు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం సెక్షనునే కొట్టేసింది. ఆ ఊరట రెండేళ్లే నిలిచింది. 1996 మార్చి 21న జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురి ధర్మాసనం రతినం తీర్పును తోసిపుచ్చి, జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదని చెప్పింది. అయితే అదే తీర్పులో ఒక మాట అన్నది: చావు ఖాయమై, సహజంగా ముగిసే ప్రక్రియ మొదలైపోయిన మనిషి విషయంలో గౌరవంగా మరణించడం కూడా గౌరవంగా జీవించడంలో భాగమే. తర్వాత వచ్చిన ప్రతి తీర్పూ ఆ వాక్యాన్నే పట్టుకుని నడిచింది.

309వ సెక్షను కథ వేరేగా ముగిసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఆత్మహత్యకు ప్రేరేపించడం మాత్రం నేరంగానే ఉంది. రోగి బతిమాలాడని కనికరించి ప్రాణం తీసిన మనిషికీ మినహాయింపు లేదు. పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తి సమ్మతితో జరిగితే అది హత్య కింద కాక, హత్య కాని నేరపూరిత నరహత్య కింద వస్తుంది. శిక్ష తగ్గుతుందే తప్ప నేరం పోదు.

వెంకటేశ్ కేసు, 2004

కొలవెన్ను వెంకటేశ్ హైదరాబాదుకు చెందిన చదరంగం ఆటగాడు. చిన్ననాడే అతనికి డ్యుషేన్ కండరాల క్షీణత వ్యాధి ఉన్నట్టు తేలింది. ఈ జబ్బు జన్యువుల్లోని లోపం వల్ల ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. ముందు నడక పోతుంది, తర్వాత చేతులు, చివరికి ఊపిరి పీల్చే కండరాలు, గుండె. చాలామందిలో మనసుకూ తెలివికీ మాత్రం ఏమీ కాదు. ఇరవై అయిదేళ్ల వయసులో వెంటిలేటర్ మీద ఉన్న వెంకటేశ్ అడిగింది ఒక్కటే. తన అవయవాలు పాడైపోకముందే యంత్రం ఆపేయాలి, వాటిని అవసరమైనవారికి ఇవ్వాలి. అతని తల్లి ఆ కోరికతో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టింది.

2004 డిసెంబరులో హైకోర్టు ఆ పిటిషన్‌ను తిరస్కరించింది. అప్పటి చట్టం ప్రకారం కోర్టుకు వేరే దారి కూడా లేదు. అవయవ మార్పిడి చట్టం మెదడు మరణం నిర్ధారణ అయ్యాకే గుండె వంటి అవయవాలు తీసుకోనిస్తుంది. వెంకటేశ్ మెదడు చక్కగా పనిచేస్తోంది. అతని కోరిక తీర్చడమంటే అవయవాల కోసం బతికున్న మనిషి ప్రాణం తీయడమేనని చట్టం చూస్తుంది. డిసెంబరు 17న అతను చనిపోయాడు. దానం చేయడానికి చివరికి కళ్లే మిగిలాయి.

ఈ కేసులో రెండు విడి ప్రశ్నలు కలిసిపోయాయి. స్పృహలో ఉన్న రోగి తనకు పెట్టిన యంత్రాన్ని తీసేయమనవచ్చా అన్నది ఒకటి. ఆ మరణాన్ని అవయవదానానికి వీలయ్యే వేళకు జరపవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి ఇప్పుడు జవాబు ఉంది. స్పృహ, వివేకం ఉన్న వయోజనుడు చికిత్స వద్దనవచ్చు, ఆ మాటకు డాక్టరు కట్టుబడాలి. రెండోదాన్ని మాత్రం చావునూ దానాన్నీ ఒకే ముడిలో వేయకూడదన్న భయం ఇప్పటికీ అడ్డుకుంటూనే ఉంది. ఆ భయానికి కారణం ఉంది. బతికున్నవాడి మూత్రపిండాలు అమ్ముకున్న దొంగ వ్యాపారం ఎలా ఉంటుందో తెలుగు రాష్ట్రాలు చూశాయి. వెంకటేశ్ కథ ఆధారంగా నటి రేవతి దర్శకత్వంలో 2022లో హిందీలో ‘సలాం వెంకీ’ చిత్రం వచ్చింది.

రెండు నివేదికలు, రెండు తీర్పులు

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి తర్వాత సుప్రీంకోర్టుకు చేరిన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతలో లా కమిషన్ 2006లో 196వ నివేదిక ఇచ్చింది. కారుణ్య హత్యనూ డాక్టరు సాయంతో ఆత్మహత్యనూ అది ససేమిరా అంది. కానీ ప్రయోజనం లేని చికిత్సను రోగి నిరాకరిస్తే, లేదా స్పృహ లేని రోగి మేలు కోరి డాక్టర్లు నిలిపివేస్తే, అది ఆత్మహత్యా కాదు, హత్యా కాదు అని చట్టంలో రాయాలంది. కమిషన్ తయారుచేసిన ముసాయిదా బిల్లులో వెంటిలేటర్‌తో పాటు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం, నీరు కూడా చికిత్సగానే లెక్క. ముందుగా రాసిపెట్టుకున్న ఇష్టపత్రాలు మాత్రం చెల్లవంది. ఆస్తి కోసం చీటీ రాయించుకునే వారసులు కమిషన్ కళ్ల ముందు మెదిలారేమో.

ఈలోగా ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ కేసు వచ్చింది. 1973 నవంబరు 27న అదే ఆసుపత్రిలో ఒక వార్డుబాయ్ చేసిన దాడిలో మెదడు దెబ్బతిని, 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయేదాకా ఆమె మంచంలోనే ఉండిపోయారు. ఆమెకు ఆహారం ఆపేయాలని జర్నలిస్టు పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆమెను ఏళ్లకేళ్లు కన్నబిడ్డలా చూసుకున్న నర్సులు ససేమిరా వద్దన్నారు, కోర్టు వారి మాటే విన్నది. కాకపోతే అదే తీర్పు నిష్క్రియ కారుణ్య మరణానికి దారి తెరిచింది. ప్రతి కేసులోనూ హైకోర్టు అనుమతి ఉండాలి, ముగ్గురు డాక్టర్ల అభిప్రాయం తీసుకోవాలి. మరుసటి ఏడాది జస్టిస్ పి. వెంకట్రామరెడ్డి అధ్యక్షతలోని లా కమిషన్ తన 241వ నివేదికలో దాదాపు ఇదే దారిని సమర్థించింది. ఇష్టపత్రాలు చెల్లవన్న విషయంలో పాత నివేదికతోనే నిలబడింది.

కామన్ కాజ్ సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద 2018లో వచ్చిన తీర్పు సరిగ్గా ఇష్టపత్రాల విషయంలోనే వేరే దారి పట్టింది. ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా నాయకత్వంలోని అయిదుగురి ధర్మాసనం లివింగ్ విల్‌ను, అంటే తనకు స్పృహ లేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, హక్కుగా గుర్తించింది. కానీ ఆ పత్రం మీద మేజిస్ట్రేటు సంతకం పెట్టాలంది. అయిదేళ్లలో ఆ పద్ధతి ఎంత పనికిరానిదో తేలిపోయింది. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నేతృత్వంలోని ధర్మాసనం దాన్ని సడలించింది.

నందవరం నుంచి ఒక పత్రం

సడలించిన పద్ధతి పల్లెలో ఎలా నడవాలో చూస్తే చర్చలో అసలు సంగతి తెలుస్తుంది. నందవరం మండలంలోని ఒక రైతు లివింగ్ విల్ రాయదలిచాడనుకుందాం. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా కాగితం మీద రాయాలి. తన తరఫున నిర్ణయం చెప్పే సంరక్షకుడి పేరో దగ్గరి బంధువు పేరో అందులో ఉండాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోగానీ గెజిటెడ్ అధికారితోగానీ ధృవీకరణ చేయించాలి. నోటరీ కోసం ఎమ్మిగనూరు వెళ్లవచ్చు, మండల కేంద్రంలోనే తహసీల్దారు ఉంటాడు. ఒక నకలు స్థానిక సంస్థకు, పల్లెలో అయితే పంచాయతీకి ఇవ్వాలి. దాన్ని భద్రపరిచే బాధ్యతను ఆ సంస్థ ఒక అధికారికి అప్పగించాలి. ఇంతవరకూ పెద్ద కష్టం కాదు. పింఛను కాగితాలకూ భూమి కాగితాలకూ గ్రామ సచివాలయం చుట్టూ తిరిగినవాడికి ఇది ఇంకో తిరుగుడు.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అతను నయం కాని స్థితిలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చికిత్స చేస్తున్న డాక్టరు, సంబంధిత విభాగాల్లో కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు కావాలి. వారు ఆపవచ్చని తేలిస్తే, జిల్లా ప్రధాన వైద్యాధికారి పంపిన ఒక డాక్టరు, వేరే ఇద్దరు నిపుణులు కలిసి రెండో బోర్డు కావాలి. రెండు బోర్డులూ వీలైతే 48 గంటల చొప్పున నిర్ణయం చెప్పాలి. యంత్రం ఆపే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. బోర్డులు ఒప్పుకోకపోతే కుటుంబం హైకోర్టుకు, అంటే ఇప్పుడు అమరావతికి, వెళ్లవచ్చు. లివింగ్ విల్ లేని రోగికి కూడా బంధువుల సమ్మతితో ఇదే దారి. మొత్తం ఆరుగురు డాక్టర్లు. కర్నూలు పెద్దాసుపత్రికి వెనుక వైద్య కళాశాల ఉంది కాబట్టి అది సాధ్యమే. ఆదోని ఏరియా ఆసుపత్రి స్థాయిలో ఇన్ని విభాగాల నిపుణులను నాలుగు రోజుల్లో కూర్చోబెట్టడం ఎలాగో తీర్పు చెప్పలేదు.

వాస్తవంగా జరిగేది వేరు. ఇక్కడి రోగి ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కడి నుంచి ఎమ్మిగనూరుకు, తర్వాత కర్నూలుకో, ఆదోని మీదుగా బళ్లారికో వెళతాడు. చేతిలో ఇంకా ఏమైనా మిగిలి ఉంటే హైదరాబాదు. పత్తి పంట పోయిన ఏడు గుంటూరు మిరప చేలకో బెంగళూరు కూలి పనికో వలసపోయే ఇళ్లలో అలాంటి మిగులు తక్కువ. ఒకరోజు డాక్టరు కుటుంబాన్ని పక్కకు పిలిచి చెబుతాడు, లేదా బిల్లే ఆ మాట చెబుతుంది. ‘చేతులెత్తేశారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు’ అని ఊళ్లో చెప్పుకునేది ఆ క్షణం గురించే. వైద్యుల సలహాకు విరుద్ధంగా రోగిని మా ఇష్టంతో తీసుకుపోతున్నామన్న కాగితం మీద కొడుకు సంతకం పెడతాడు. అంబులెన్సులో దారి పొడవునా ఎవరో ఒకరు రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందిస్తారు. ఇంట్లో దించాక గొట్టం తీస్తారు. హిందువుల ఇంట్లో నోట్లో తులసి నీళ్లు పోస్తారు, ముస్లిముల ఇంట్లో ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదువుతారు, క్రైస్తవుల ఇంట్లో పాస్టరు ప్రార్థన చేస్తాడు. ప్రాణం సొంత ఇంట్లో పోవాలన్న కోరిక ఈ మూడు ఇళ్లలోనూ ఒకటే.

చట్టం దృష్టిలో ఇది కారుణ్య మరణం కాదు, దీనికి బోర్డు లేదు, లెక్క లేదు. పేరు పెట్టని నిష్క్రియ కారుణ్య మరణం అనడమే న్యాయం. కాకపోతే ఇందులో కారుణ్యం పాలు ఎంతో చెప్పలేం. ఆసుపత్రిలో యంత్రం ఆపితే ఊపిరాడని బాధ తెలియకుండా మార్ఫిన్, మత్తు మందు ఇస్తారు. ఇంటి గుమ్మం దగ్గర గొట్టం తీసినప్పుడు అవేవీ ఉండవు. డాక్టర్లకు చట్టం భయం, కుటుంబానికి అప్పు భయం. ఆ రెండింటికీ మధ్యే మార్గంగా ఈ సంతకం పుట్టింది. 2018కి ముందు చాలా మంది వైద్యులు తమ చేత్తో వెంటిలేటర్ ఆపడం కంటే కుటుంబమే తీసుకుపోవడం క్షేమమని తలచారు. వైద్య మండలి 2002 నియమావళి కారుణ్య మరణాన్ని అనైతిక ప్రవర్తనగా పేర్కొనడం ఆ భయాన్ని పెంచింది.

అనుకూల, ప్రతికూల వాదాలు

క్రియాశీల కారుణ్య మరణాన్ని కూడా చట్టబద్ధం చేయాలనేవారి వాదంలో బలమైనది తర్కం. ఊపిరితిత్తుల క్యాన్సరు చివరి దశలో ఉన్న మనిషికి వెంటిలేటర్ తీయవచ్చు, కానీ వెంటిలేటర్ మీద లేని నోటి క్యాన్సరు రోగి ఎంత బతిమాలినా ఏమీ చేయకూడదు. ఇద్దరి బాధా ఒకటే, ఉద్దేశం ఒకటే, ఫలితం ఒకటే. యంత్రం ఉన్నవాడికి దక్కిన విముక్తి లేనివాడికి దక్కదు. పల్లె రోగికి యంత్రమే ఉండదు కాబట్టి ఈ హక్కు నగరాలకే పరిమితమైందన్న ఆక్షేపణకు సూటి సమాధానం లేదు.

వ్యతిరేకించేవారిలో మతపెద్దలు ఒక భాగమే. హిందూ ధర్మశాస్త్రాలు ఆత్మహత్యను పాపమంటాయి. ఇస్లాం ప్రాణం అల్లాహ్‌ది అంటుంది. కేథలిక్ చర్చి కారుణ్య హత్యను ఖండిస్తూనే, అసాధారణమైన చికిత్సను కొనసాగించాల్సిన బాధ్యత లేదని 1957లో పోప్ పన్నెండో పయస్ నోటితో చెప్పింది. ప్రయోజనం లేని చికిత్స ఆపడాన్ని ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల్లోనూ చాలామంది ఒప్పుకుంటారు. అంటే నిష్క్రియ పద్ధతి విషయంలో మతాలకూ కోర్టుకూ ఉన్న దూరం జనం అనుకునేంత కాదు. గట్టి అభ్యంతరం వికలాంగుల సంఘాల నుంచి, వృద్ధుల గురించి పనిచేసేవారి నుంచి వస్తుంది. తన వల్ల ఇంట్లోవాళ్లకు భారమవుతోందని రోజూ వినే ముసలి మనిషి ‘పోతే బాగుండు’ అన్న మాటను స్వేచ్ఛగా చెప్పిన సమ్మతిగా ఎలా తీసుకుంటాం? తమిళనాడు విరుదునగర్ వైపు ముసలివాళ్లకు తెల్లవారుజామున నూనె స్నానం చేయించి, కొబ్బరినీళ్లు తాగించి చావును తొందరపెట్టే ‘తలైకూత్తల్’ ఆచారం 2010లో పత్రికలకెక్కినప్పుడు, ఈ ప్రశ్న ఊహాజనితం కాదని తేలింది.

రాయలసీమ కోర్టులకు చేరిన అర్జీలు ఈ అభ్యంతరానికే బలమిస్తాయి. 2016లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టును ఒక పేద దంపతులు ఆశ్రయించారు. నెలల వయసున్న బిడ్డకు కాలేయం జబ్బు, మార్పిడికి లక్షలు కావాలి, ఆ స్తోమత లేదు కాబట్టి కారుణ్య మరణానికి అనుమతి ఇవ్వాలని. కోర్టు ఒప్పుకోలేదు. వార్త పత్రికల్లో వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరించింది, చెన్నైలో తండ్రి కాలేయంలోని భాగంతో మార్పిడి జరిగింది. 2021 జూన్‌లో అదే జిల్లా పుంగనూరులో ఒక తల్లి జబ్బుపడిన కొడుకుతో ఇలాంటి అర్జీ మీద కోర్టుకు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లవాడు ఆటోలోనే చనిపోయాడు. మొదటి బిడ్డ జబ్బు నయం కానిదే కాదు, డబ్బు లేక నయం కానిదైంది. ఇలాంటి అర్జీలో కారుణ్య మరణం అన్న మాట ఎదుట కనిపించినా, వెనుక ఉన్నది వైద్యం కోసం వేసిన దరఖాస్తు. చట్టం చేసేవారు ఈ రెండింటినీ వేరు చేయలేకపోతే, పేదరికమే సమ్మతిగా చలామణి అవుతుంది.

నొప్పి

చర్చలో తక్కువగా వినిపించే సంగతి నొప్పి. పొగాకు నమిలే అలవాటు వల్ల వచ్చే నోటి క్యాన్సరు, ఆడవారిలో గర్భాశయ ముఖద్వారం క్యాన్సరు ముదిరాక వచ్చే నొప్పికి పారాసిటమాల్, డైక్లోఫినాక్ చాలవు. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి చొప్పున పడితే మనిషి నిద్రపోతాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. మాత్ర చవక. నల్లమందు పండించే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మన దేశంలోనే ఉన్నాయి, ఎగుమతి కూడా చేస్తాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుతో ఆసుపత్రులు మార్ఫిన్‌ను దగ్గరికే రానివ్వలేదు. 2014 సవరణతో దేశమంతటికీ ఒకే నియమం వచ్చింది, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒక్క అనుమతి చాలు. అయినా మార్ఫిన్ రాయడం నేర్చుకోని డాక్టర్ల తరం ఒకటి గడిచిపోయింది.

కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపింది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రి ఈ పనికి తెలుగునాట కేంద్రమైంది. తెలంగాణ ‘ఆలంబన’ పేరుతో జిల్లాల్లో కేంద్రాలు పెట్టి, ఇంటికి వెళ్లి చూసే బృందాలను ఏర్పాటు చేసింది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద రోగిని కార్పొరేటు ఆసుపత్రి దాకా తీసుకుపోగలిగింది. కానీ పథకం అల్లిక అంతా ఆసుపత్రిలో జరిగే చికిత్స చుట్టూనే. ఇంటికి తిరిగి వచ్చాక పుండు కడిగే చేయి, రాత్రి నొప్పికి వేసే మాత్ర దాని లెక్కలోకి సులువుగా రావు. నొప్పి తగ్గించే ఏర్పాటు లేని చోట చావు కోరిక ఎంతవరకు రోగిది, ఎంతవరకు నొప్పిది అన్నది తేల్చడం కుదరదు. చట్టబద్ధతను కోరేవారిలోనూ వద్దనేవారిలోనూ ఆలోచనాపరులు ఒక్క మాట మీద కలిసేది ఇక్కడే.

బయటి దేశాలు, ప్రవాసులు

స్విట్జర్లాండులో స్వార్థం లేకుండా ఆత్మహత్యకు సాయపడటం 1942 నుంచి నేరం కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1997లో డాక్టరు రాసిచ్చే మందును అనుమతించింది. నెదర్లాండ్స్, బెల్జియం 2002లో క్రియాశీల కారుణ్య మరణాన్ని చట్టంలోకి తెచ్చాయి. కెనడా 2016లో, స్పెయిన్, న్యూజిలాండ్ 2021లో ఆ బాట పట్టాయి. తెలుగువారు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో 2016 నుంచి, న్యూజెర్సీలో 2019 నుంచి ఆరు నెలలకు మించి బతకరని తేలిన రోగులకు ఆ వీలుంది, టెక్సస్‌లో లేదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా 2019లో మొదలుపెట్టగా మిగతా రాష్ట్రాలు అనుసరించాయి. అమెరికా ఆసుపత్రుల్లో చేరే ప్రతి పెద్దవారినీ ముందస్తు ఇష్టపత్రం గురించి అడగడం మామూలు. కొడుకు దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఆ కాగితాన్ని మొదటిసారి చూసేది అక్కడే.

కెనడా అనుభవాన్ని రెండు పక్షాలూ వాడుకుంటాయి. మొదట మరణం దగ్గరపడిన రోగులకే ఉన్న సదుపాయాన్ని 2021లో మరణం దగ్గర లేనివారికీ విస్తరించారు. దీన్ని హక్కు పరిపక్వత అన్నవారున్నారు. గేటు ఒకసారి తెరిస్తే మూయలేమన్న హెచ్చరిక నిజమైందన్నవారూ ఉన్నారు.

ప్రస్తుత స్థితి

పార్లమెంటు చట్టం చేసేవరకు తన మార్గదర్శకాలే అమల్లో ఉంటాయని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. లా కమిషన్ బిల్లులు కాగితం మీదే ఉన్నాయి. ప్రాణాధార చికిత్స ఉపసంహరణ మీద కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు, అవి డాక్టర్ల మీద ఒత్తిడి పెంచుతాయని భారత వైద్య సంఘం ఆక్షేపించింది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో తీర్పును అమలు చేస్తూ ఉత్తర్వు ఇచ్చి, రెండో బోర్డుకు డాక్టర్లను నియమించే పద్ధతిని జిల్లా ఆరోగ్యాధికారులకు అప్పగించింది. ఆదోని, నందవరం వైపు నుంచి బళ్లారి ఆసుపత్రిలో చేరే తెలుగు రోగికి వర్తించేది ఆ ఉత్తర్వే.